మెర్జ్‌కు వంతు పెట్టడం ఎలా: డెల్టాలో ఉండి డెవలపర్ టూల్స్ కంపెనీ నడపాలనుకునేవారికి

దాళ్వాకు, అంటే రెండో పంటకు, గోదావరిలో నీరు చాలని ఏడాది డెల్టా కాలువలకు వంతులవారీగా నీరు వదలడం మనకు తెలిసిన విషయమే. వంతు పెట్టకపోతే ఎగువ చేలు నిండి శివారు చేలు ఎండుతాయి. వంతు పెట్టినా కాలువ మీద కాపలా కాసే లస్కరు లేకపోతే రాత్రికి రాత్రి తూము తలుపులు లేస్తాయి. పదిహేను ఇరవై మంది ప్రోగ్రామర్లు ఒకే మెయిన్ బ్రాంచ్‌లోకి, అంటే అందరికీ ఉమ్మడిగా ఉండే అసలు ప్రతిలోకి, తమ కోడ్ కలిపే (మెర్జ్ చేసే) చోట వచ్చే ఇబ్బంది కూడా ఇలాంటిదే. ఆ లస్కరు పనిని ఒక ప్రోగ్రాముకు అప్పగించడాన్నే మెర్జ్ ఆటోమేషన్ అంటున్నాం.

మీరు భీమవరంలోనో, కాకినాడలోనో, అమలాపురంలోనో ఉంటూ, ఇద్దరు ముగ్గురు సహచరులతో కలిసి ఇలాంటి సాధనాన్ని తయారుచేసి ఇతర కంపెనీలకు అమ్మాలనుకుంటున్నారని, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ వాడకం మీకు బాగా తెలుసని భావించి ఇది రాస్తున్నాను. నేనూ ఇదే పనిలో ఉన్నాను. మొదటి రోజు నుంచే గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. కొనేవాడు వేగం కోసం మీ దగ్గరికి వస్తాడు, కానీ మీరు అతనికి అమ్మవలసింది వేగం కాదు. ఏ కోడ్‌ను పరీక్షించారో సరిగ్గా ఆ కోడే మెయిన్‌లోకి వెళ్లిందన్న భరోసా. సాధనం నిర్మాణం, అనుమతులు, ధర, ఉద్యోగుల డ్యూటీలు అన్నీ ఆ భరోసాను బట్టే నిర్ణయమవుతాయి.

ముందు జబ్బును అర్థం చేసుకోండి

రొయ్యల చెరువుల లెక్కలు చూసే ఒక అప్లికేషన్‌ను తీసుకుందాం. చెరువులోని రొయ్య సగటు బరువును గ్రాముల్లో ఇచ్చే ఫంక్షన్ ఒకటి అందులో ఉంది. కొనుగోళ్లన్నీ కౌంటు మీద, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క మీద నడుస్తాయి కాబట్టి, ఒక ప్రోగ్రామర్ ఆ ఫంక్షన్ గ్రాములకు బదులు కౌంటు ఇచ్చేలా మార్చి, అప్పటికి దాన్ని వాడుతున్న చోట్లన్నీ సరిచేసి, టెస్టులు పాసయ్యాక, తన మార్పును మెయిన్‌లో కలపమని కోరే పుల్ రిక్వెస్టు పెట్టాడు. అదే రోజు ఇంకొక ప్రోగ్రామర్ రోజువారీ మేత మోతాదు చూపే కొత్త స్క్రీన్ రాస్తూ, గ్రాములే వస్తాయన్న నమ్మకంతో, కొత్త ఫైల్లో అదే ఫంక్షన్‌ను వాడింది. లక్ష రొయ్యలు, ఒక్కొక్కటి 20 గ్రాములు, మొత్తం 2,000 కిలోలు, 3 శాతం చొప్పున రోజుకు 60 కిలోల మేత రావాలని ఆమె టెస్టు చెబుతుంది. ఆమె బ్రాంచ్‌లో, అంటే ఆమె విడిగా పనిచేసుకునే ప్రతిలో, ఆ టెస్టు పాసయింది.

ఇద్దరూ వేర్వేరు ఫైళ్లను ముట్టుకున్నారు కాబట్టి గిట్ ఆ రెండింటినీ మారు మాట లేకుండా కలిపేస్తుంది. కలిశాక ఏమవుతుందో చూడండి. 20 గ్రాముల రొయ్య అంటే 50 కౌంటు. ఫంక్షన్ 50 అని జవాబిస్తుంది, కొత్త స్క్రీన్ దాన్ని 50 గ్రాములనుకుని 60 కిలోలకు బదులు 150 కిలోల మేత వేయమంటుంది. టెస్టు ఉంది కాబట్టి తప్పు పట్టుబడుతుంది, కానీ మెయిన్‌లోకి చేరిన తర్వాత పట్టుబడుతుంది. అప్పటి నుంచి మెయిన్ మీద కొత్త బ్రాంచ్ తీసుకున్న ప్రతి ఒక్కరికీ తమది కాని ఫెయిల్యూర్ ఎదురవుతుంది. తప్పెవరిదని వెతకడం మొదలవుతుంది. నిజానికి ఇద్దరి తప్పూ లేదు.

లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను మొదలుపెట్టిన నాటి నుంచి అది చేసే పని ఒక్కటే: రెండు బ్రాంచ్‌లు విడిపోయిన ఉమ్మడి స్థానాన్ని పట్టుకుని, అక్కడి నుంచి ఎవరు ఏ వరుసలు మార్చారో పోల్చి, ఒక్కరే మార్చినచోట ఆ మార్పును స్వీకరించి, ఇద్దరూ ఒకేచోట మార్చితే కాన్‌ఫ్లిక్ట్ అని ఆపడం. అది వరుసలను చూస్తుంది గాని అర్థాన్ని చూడదు. కొత్తగా చేరినవాళ్లు కాన్‌ఫ్లిక్ట్ వస్తే భయపడతారు. అది మనల్ని ఆపే మేలు చేస్తుంది కాబట్టి నేను దానికి భయపడను. నేను భయపడేది కాన్‌ఫ్లిక్ట్ రాని తప్పుకు.

తర్వాత ఒక బృందాన్ని పట్టుకుని కొలవండి

కోడ్ రాయడానికి ముందు, మీకు తెలిసిన ఒక కంపెనీలో కనీసం పది పన్నెండు మంది ఉన్న బృందాన్ని ఒప్పించి, వారి గత నెల చరిత్రను చూడండి. రోజుకు ఎన్ని మెర్జ్‌లు జరుగుతున్నాయి, కోడ్ వచ్చిన ప్రతిసారీ బిల్డ్ చేసి టెస్టులు నడిపే సీఐకి ఎంత సమయం పడుతోంది, మెయిన్ బ్రాంచ్ ఫెయిలై ఎన్ని గంటలు ఉంది అన్న మూడు సంఖ్యలు చాలు. ఈ వివరాలన్నీ కోడ్‌ను ఉంచే సైట్లయిన గిట్‌హబ్, గిట్‌ల్యాబ్‌ల ఏపీఐల ద్వారా, అంటే ప్రోగ్రాములు నేరుగా వివరాలు అడిగే దారుల ద్వారా దొరుకుతాయి.

ఆ సంఖ్యలతో చేయవలసిన లెక్క ఎంతో సులువు. సీఐకి 20 నిమిషాలు పట్టే చోట, ఒక్కొక్క పుల్ రిక్వెస్టునూ తాజా మెయిన్ మీద పరీక్షించి వరుసగా కలిపితే గంటకు మూడు, ఎనిమిది గంటల పని దినంలో 24 మాత్రమే కలుస్తాయి. బృందం రోజుకు 40 కలపాలనుకుంటే 800 నిమిషాలు, అంటే 13 గంటల 20 నిమిషాలు కావాలి. అప్పుడు వారికి మీ సాధనంతో పని ఉంది. రోజుకు ఆరు మెర్జ్‌లు చేసే నలుగురి బృందానికి మాత్రం మీరేమీ అమ్మకండి. మెర్జ్‌కు ముందు బ్రాంచ్‌ను తాజా మెయిన్‌తో సరిచూసుకోవాలన్న నిబంధన గిట్‌హబ్ బ్రాంచ్ రక్షణ సెట్టింగుల్లో ఉంది. దాన్ని ఎలా పెట్టుకోవాలో చూపించి పంపేయండి. వాళ్లు పెద్దవాళ్లయ్యాక మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తారు.

అదే నిబంధన ఇరవై మంది ఉన్నచోట నరకమవుతుంది. ఒకరు మెర్జ్ చేసిన మరుక్షణం మిగతా అందరి బ్రాంచ్‌లూ పాతబడతాయి. అందరూ అప్‌డేట్ బటన్ నొక్కి 20 నిమిషాలు కాచుకుంటారు, ఈలోగా ఎవరో ఇంకొకరు దూరిపోతారు. బటన్ ఎవరు ముందు నొక్కితే వారిదే వంతు అన్నట్టు తయారైతే, రాత్రి పొద్దుపోయాక పని చేసేవాళ్లదే పైచేయి అవుతుంది.

ఇప్పటికే ఉన్నవాటిని వాడి చూడండి

ఈ ఆలోచన కొత్తది కాదు. రస్ట్ భాషను మొదలుపెట్టిన గ్రేడన్ హోర్ ఆ ప్రాజెక్టు కోసం బోర్స్ అనే బాట్‌ను (తనంతట తాను పనిచేసే ప్రోగ్రామును) రాశారు. టెస్టులన్నీ ఎప్పుడూ పాసయ్యే స్థితిలో రిపాజిటరీని (కోడ్ భండారాన్ని) యంత్రమే కాపాడాలన్నది దాని వెనుక ఉన్న సూత్రం. ఓపెన్‌స్టాక్ ప్రాజెక్టు వందలాది మంది పంపే కోడ్ కోసం జూల్ అనే వ్యవస్థను నిర్మించుకుంది. ఉబర్ ఇంజినీర్లు తమ సబ్మిట్ క్యూ (వంతు ప్రకారం కోడ్ కలిపే వరుస) గురించి 2019లో పరిశోధనా పత్రం ప్రచురించారు. గిట్‌ల్యాబ్ 2019లోనే మెర్జ్ ట్రెయిన్లను తెచ్చింది, గిట్‌హబ్ 2023 జూలైలో మెర్జ్ క్యూను పూర్తి స్థాయిలో విడుదల చేసింది.

గిట్‌హబ్ స్వయంగా ఇస్తున్నప్పుడు మన దగ్గర ఎవరు కొంటారన్న ప్రశ్నను మీ ఇంట్లోవాళ్లు కూడా అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ప్రైవేట్ రిపాజిటరీల్లో గిట్‌హబ్ మెర్జ్ క్యూ వాడాలంటే ఎంటర్‌ప్రైజ్ క్లౌడ్ ప్లాన్ ఉండాలి. ఒకే పెద్ద రిపాజిటరీలో ఒకదానితో ఒకటి సంబంధం లేని భాగాలకు వేర్వేరు క్యూలు కావాలనేవారు, ఒక క్యూలోనే ముందు వెనుకల నిబంధనలను తమకు నచ్చినట్టు రాసుకోవాలనేవారు, ఏ టెస్టు ఎన్నిసార్లు క్యూను ఆపిందో నివేదిక కావాలనేవారు ఉంటారు. వీటిలో మీరు ఏ ఒక్కదాన్ని అందరికన్నా బాగా చేయగలరో నిర్ణయించుకోండి. అన్నీ చేస్తామన్న చిన్న కంపెనీ ఏదీ సరిగా చేయదు; మేము ఒక ఏడాది అలాగే పోగొట్టుకున్నాం.

క్యూను నిర్మించండి

మొదట ఒక్కొక్కటిగా నడిచే క్యూను రాయండి. మెయిన్ తాజా కమిట్ (నమోదైన మార్పు) మీద పుల్ రిక్వెస్టును కలిపి ఒక తాత్కాలిక బ్రాంచ్ తయారు చేయండి, దాని మీద సీఐ నడపండి, పాసైతే మెయిన్‌ను సరిగ్గా ఆ కమిట్‌కు జరపండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, తాత్కాలిక బ్రాంచ్ మీద పరీక్షించి, పాసయ్యాక అసలు పుల్ రిక్వెస్టును మళ్లీ కొత్తగా మెర్జ్ చేయడం. ఆ రెండు క్షణాల మధ్య మెయిన్ కదిలితే, పరీక్షించినది ఒకటి, లోపలికి వెళ్లినది ఇంకొకటి అవుతుంది. పుల్ రిక్వెస్టులోని కమిట్లన్నిటినీ ఒక్కటిగా కుదించే స్క్వాష్ పద్ధతి వాడే కస్టమర్ల దగ్గర కమిట్ గుర్తింపు మారక తప్పదు. అప్పుడు కమిట్‌ను కాకుండా, అది చూపే ట్రీ హ్యాష్‌ను, అంటే ఫైళ్లన్నిటి నుంచి లెక్కగట్టిన గుర్తును, పోల్చండి. ట్రీ హ్యాష్ ఒకటే అయితే ఫైళ్లన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

అది నిలదొక్కుకున్నాక గుంపుగా కలపడం మొదలుపెట్టండి. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు ఒక్క బండి కోసం కదలదు, ఉన్నవాటిని ఎక్కించుకుని ఒకే విడతలో దాటిస్తుంది. ఎనిమిది పుల్ రిక్వెస్టులను కలిపి ఒకే సీఐ పరుగులో పరీక్షిస్తే గంటకు మూడుకు బదులు ఇరవై నాలుగు దాటుతాయి. అయితే గుంపు ఎంత పెద్దదిగా ఉండాలన్నది ఇష్టానుసారం నిర్ణయించేది కాదు. ఒక్కొక్కటి ఫెయిలయ్యే అవకాశం 5 శాతం అనుకుంటే, ఎనిమిదీ పాసయ్యే అవకాశం 66 శాతమే. అంటే ప్రతి మూడు పంటుల్లో ఒకటి వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చిన గుంపును నాలుగు, నాలుగుగా చీల్చి, మళ్లీ రెండు, రెండుగా చీల్చి పరీక్షిస్తే, దోషి ఒక్కటే అయినప్పుడు మూడు విభజనల్లో దొరుకుతుంది. మన రొయ్యల ఉదాహరణలో మాత్రం దోషి ఒక్కటి కాదు, జంట. విడిగా చూస్తే రెండూ మంచివే. అందుకని పాసైన సగాన్ని ముందు మెయిన్‌లో కలిపి, మిగిలిన సగాన్ని ఆ కొత్త మెయిన్ మీదే పరీక్షించాలి, పాత మెయిన్ మీద కాదు.

మూడో దశలో ఊహ మీద పరిగెత్తడం వస్తుంది. ముందున్నవి పాసవుతాయని అనుకుని, మొదటిదాన్ని, మొదటిది రెండోదీ కలిపి, మొదటి మూడింటినీ కలిపి ఏకకాలంలో సీఐకి పంపుతారు. ఊహ నిజమైతే మూడూ 20 నిమిషాల్లో దాటుతాయి. మొదటిది ఫెయిలైతే వెనుకవన్నీ వ్యర్థమై మళ్లీ మొదలవుతాయి, ఆ సీఐ నిమిషాల బిల్లు కస్టమర్‌దే. ఒకేసారి ఎన్నింటిని ఇలా పంపాలన్న పరిమితిని పాసయినప్పుడల్లా కొద్దిగా పెంచుతూ, ఫెయిలయినప్పుడు సగానికి తగ్గించే పద్ధతిని జూల్ అనుసరిస్తుంది. మీరూ దాన్నే అనుసరించండి, మొదట్లో తెలివి ఎక్కువ చూపవద్దు.

ఈ లెక్కలన్నిటినీ పాడుచేసేది నిలకడలేని టెస్టు, అంటే కోడ్ మారకపోయినా ఒకసారి పాసై మరోసారి ఫెయిలయ్యే టెస్టు. వెయ్యి టెస్టులున్న ప్రాజెక్టులో ప్రతి టెస్టూ వెయ్యిసార్లలో ఒక్కసారే అకారణంగా ఫెయిలవుతుందనుకోండి. చూడటానికి ఎంతో చిన్న దోషం. కానీ వెయ్యీ ఒకేసారి పాసయ్యే అవకాశం 37 శాతమే, మంచి కోడ్ కూడా మూడింట రెండుసార్లు వెనక్కి వస్తుంది. ఫెయిలైన టెస్టును ఒక్కసారి మళ్లీ నడపనివ్వండి, రెండోసారి పాసైతే ఆ సంగతిని దాచకుండా లెక్కలో రాయండి, వారానికి ఒకసారి ఆ జాబితాను కస్టమర్‌కు పంపండి. పక్కన పెట్టిన ప్రతి టెస్టుకూ ఒక బాధ్యుడు, ఒక గడువు తేదీ ఉండాలి. గడువు లేకుండా పక్కన పెట్టిన టెస్టు మళ్లీ తిరిగి రావడం నేనైతే చూడలేదు.

కబుర్లను నమ్మకండి, స్థితిని చూడండి

గిట్‌హబ్‌లో ఏం జరిగినా మీ సర్వర్‌కు వెబ్‌హుక్ రూపంలో కబురు వస్తుంది. వచ్చిన ప్రతి కబురుకూ, అది నిజంగా గిట్‌హబ్ పంపినదేనని రుజువు చేసే హెచ్‌మ్యాక్ సంతకం సరిచూడండి. పది సెకన్లలోపు జవాబు ఇవ్వకపోతే ఆ కబురు అందనట్టే గిట్‌హబ్ లెక్క వేస్తుంది, అందని కబురును తనంతట తాను మళ్లీ పంపదు. కాబట్టి కబురు రాగానే డేటాబేస్‌లో రాసుకుని వెంటనే జవాబిచ్చి, అసలు పనిని వేరే ప్రాసెస్‌కు వదిలేయండి. ఒకే కబురు రెండుసార్లు రావచ్చు, వెనుకది ముందు రావచ్చు, అసలు రాకపోవచ్చు. డెలివరీ గుర్తింపు సంఖ్యతో రెండోదాన్ని పట్టుకోండి, కొన్ని నిమిషాలకొకసారి ఏపీఐతో అసలు స్థితిని అడిగి మీ లెక్కను సరిచేసుకోండి. ఏపీఐకి గంటకు 5,000 అభ్యర్థనల చొప్పున మొదలయ్యే పరిమితి ఉంది, కాబట్టి క్యూలో ఉన్నవాటి గురించి మాత్రమే అడగండి.

కబురును నమ్మి స్థితిని చూడకపోతే ఏమవుతుందో మాకు తెలిసివచ్చిన తీరు చెబుతాను. తొలి రోజుల్లో ఒక కస్టమర్ పుల్ రిక్వెస్టు మా క్యూలో ఉండగా, సీఐ నడుస్తున్న పన్నెండో నిమిషంలో దాని రచయిత ఒక చిన్న కమిట్ చేర్చాడు. ఆ కబురు మా దగ్గర వరుసలో వెనుక పడింది. సీఐ పాత కమిట్ మీద పాసయింది, మా బాట్ మెర్జ్ చేయమని గిట్‌హబ్‌ను అడిగింది, గిట్‌హబ్ అప్పటికి బ్రాంచ్ కొసన ఉన్న కొత్త కమిట్‌ను కలిపేసింది. పరీక్షించని కోడ్ మెయిన్‌లోకి వెళ్లింది. వాళ్లకు శుక్రవారం సాయంత్రం, మాకు శనివారం తెల్లవారుజాము. దీనికి మందు ఏపీఐలోనే ఉంది: మెర్జ్ అడిగేటప్పుడు బ్రాంచ్ కొసన ఉండవలసిన కమిట్ హ్యాష్‌ను కూడా పంపవచ్చు, అది సరిపోలకపోతే గిట్‌హబ్ 409 అన్న ఎర్రర్ కోడ్‌తో తిరస్కరిస్తుంది. ఆ ఒక్క ఫీల్డును మేము ఖాళీగా వదిలాం. మీరు వదలకండి. రివ్యూ ఆమోదాన్ని కూడా క్యూలో చేరేటప్పుడు ఒకసారి, మెర్జ్‌కు ముందు ఒకసారి చూడండి, ఎందుకంటే మధ్యలో ఎవరైనా ఆమోదాన్ని వెనక్కి తీసుకోవచ్చు.

ఒకే క్యూను రెండు ప్రాసెస్‌లు ఒకేసారి పట్టుకోకుండా, రిపాజిటరీకీ బ్రాంచ్‌కూ కలిపి ఒక లాక్ పెట్టండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇచ్చే లాక్‌లు చిన్న కంపెనీకి సరిపోతాయి. లాకు అన్న మాట ధవళేశ్వరం కాలువల పడవలవాళ్లకు మనకన్నా ఎంతో ముందు తెలుసు. వెనుక తలుపు మూయనిదే ముందు తలుపు తెరవకూడదన్న వారి నియమమే ఇక్కడా నియమం.

అనుమతులు, తాళాలు

కస్టమర్ తన మెయిన్ బ్రాంచ్‌లో రాసే హక్కును మీకు ఇస్తున్నాడు. గిట్‌హబ్ యాప్‌గా నమోదై, అవసరమైన అనుమతులు మాత్రమే అడగండి. యాప్ టోకెన్ (తాత్కాలిక అనుమతి చీటీ) గంటలో చెల్లిపోతుంది కాబట్టి దాన్ని దాచుకోవలసిన పనిలేదు. దాచవలసినది ఆ టోకెన్లు పొందడానికి వాడే యాప్ ప్రైవేట్ కీ. అది ఏ ల్యాప్‌టాప్‌లోనూ ఉండకూడదు. కస్టమర్ సోర్స్ కోడ్‌ను మీ డిస్క్ మీద పెట్టుకోకుండా పని జరిపితే, వారి భద్రతా విభాగం పంపే ప్రశ్నావళిలో సగానికి సగం ప్రశ్నలు తేలిపోతాయి.

డిపెండబాట్, రెనొవేట్ వంటివి తెచ్చే లైబ్రరీ అప్‌డేట్లను మనిషి చూడకుండా మెర్జ్ చేయమని కస్టమర్లు తప్పక అడుగుతారు. చిన్న సవరణ విడుదలలకు, అది కూడా కొన్ని రోజులు ఆగాక మాత్రమే అలా అనుమతించండి. ఆగడమే సరిపోతుందని కూడా అనుకోకండి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్ 5.6.0 విడుదల 2024 ఫిబ్రవరి చివరలో వచ్చింది, అందులోని దొంగ తలుపు మార్చి 29న బయటపడింది. లాగిన్‌కు, చెల్లింపులకు సంబంధించిన లైబ్రరీలను ఆటోమెర్జ్ జాబితా నుంచి మొదటే తీసేయించండి.

కంపెనీని నడపండి

సాధారణ విషయాలను త్వరగా ముగిస్తాను. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు కావాలి, నమోదు స్పైస్ ప్లస్ ఫారంతో జరుగుతుంది. స్టార్టప్ ఇండియా గుర్తింపు కోసం కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగమైన డీపీఐఐటీకి దరఖాస్తు చేయండి. విదేశీ కస్టమర్లకు ఇచ్చే సేవ జీఎస్టీలో ఎగుమతి కిందికి వస్తుంది. ప్రతి ఆర్థిక సంవత్సరం మొదట్లో ఎల్‌యూటీ (హామీ పత్రం) దాఖలు చేస్తే ఐజీఎస్టీ కట్టకుండానే ఇన్‌వాయిస్ ఇవ్వవచ్చు. దాన్ని మరచిపోతే పన్ను ముందు కట్టి తర్వాత రీఫండ్ కోసం తిరగాలి. ఎగుమతి సేవలు తెలిసిన ఆడిటర్‌ను పెట్టుకోండి.

ధర విషయంలో నాది గట్టి అభిప్రాయం. మెర్జ్‌కు ఇంత అని వసూలు చేయకండి. అలా చేస్తే కస్టమర్ ఖర్చు తగ్గించుకోవడానికి పది చిన్న మార్పులను ఒక పెద్ద పుల్ రిక్వెస్టుగా కుక్కుతాడు, రివ్యూ పాడవుతుంది, గుంపులు ఫెయిలవుతాయి, చివరికి మీ సాధనమే బాగోలేదంటాడు. నెలలో కోడ్ పంపిన డెవలపర్ల సంఖ్యను బట్టి వసూలు చేయండి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఉచితంగా ఇవ్వండి. మీ తప్పులు నలుగురి కళ్ల ముందు జరుగుతాయి గనుక తొందరగా సరిదిద్దుకుంటారు.

డెల్టాలో ఉండటం వల్ల వచ్చే అసలు చిక్కు ఇంటర్నెట్, కరెంటు. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను రోజుల తరబడి ఆపేశారు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇలాంటి రాత్రుల్లో సాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న బృందం యథావిధిగా కోడ్ కలుపుతూ ఉంటుంది. అందువల్ల సేవ నడవడానికి కావలసినదేదీ మీ గదిలో ఉండకూడదు. సర్వర్లు, బ్యాకప్‌లు, కీలు అన్నీ క్లౌడ్‌లో, అదీ గిట్‌హబ్‌కూ కస్టమర్ల సీఐకీ దగ్గరగా ఉండే ప్రాంతంలో ఉంచండి. మీ ఇద్దరు ముగ్గురిలో ఒకరు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండి, పూర్తి అధికారంతో సేవను ఆపగలిగి, నడపగలిగి ఉండాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున కొత్త వెర్షన్ విడుదల చేయకండి.

సాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం పది గంటలంటే మనకు వేసవిలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. వాళ్ల పని ఊపందుకునే వేళకు మీరు నిద్రలో ఉంటారు. ఒక్కరే ప్రతి రాత్రీ మేల్కొంటే మూడు నెలలకు మనిషి పాడవుతాడు. వారం చొప్పున వంతు వేసుకోండి, రాత్రి డ్యూటీ చేసినవారికి మర్నాడు మధ్యాహ్నం దాకా ఫోన్ చేయకండి. సంక్రాంతి సంగతి కూడా ముందే తేల్చుకోండి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల ఎవరూ కంప్యూటర్ ముందు కూర్చోరు, కూర్చోబెట్టాలని చూడటం వృథా ప్రయాస. ఆ వారమంతా విడుదలలు ఆపి, డ్యూటీని ఇతర ప్రాంతాల సహచరుడికి అప్పగించండి. ఉద్యోగులకైతే కొదవ లేదు. కాకినాడ జేఎన్‌టీయూ నుంచి, భీమవరం కాలేజీల నుంచి ఏటా ఎందరో బయటికి వస్తారు. వారిని ఇంటర్వ్యూ చేసేటప్పుడు పజిళ్లు అడగడం మానేసి, పైన చెప్పిన రొయ్యల రెండు బ్రాంచ్‌లను ఇచ్చి, కలిపితే ఏం జరుగుతుందో చెప్పమనండి. కలపకముందే ఆ రెండు ఫైళ్లనూ తెరిచి చూసేవారిని తీసుకోండి.

సేవ పడిపోయినప్పుడు

మీ సాధనం పనిచేయని గంటలు వస్తాయి. అప్పుడు క్యూ ఆగాలి గాని, పరీక్ష లేకుండా ఏదీ లోపలికి పోకూడదు. అదే సమయంలో కస్టమర్ తన కోడ్‌లోకి తాను వెళ్లలేని పరిస్థితి కూడా రాకూడదు: వారి అడ్మిన్ మీ బాట్‌ను పక్కకు తప్పించి చేత్తో మెర్జ్ చేసుకునే దారి ఉండాలి, ఆ దారి ఏమిటో మీ సైట్ పడిపోయినా చదువుకోగలిగేలా వారి రిపాజిటరీలోనే ఒక పేజీగా పెట్టాలి. సేవ తిరిగి లేచాక, ఆగిన చోటి నుంచి కొనసాగించకండి. ఈలోగా ఎవరో చేత్తో మెర్జ్ చేసి ఉంటారు. గిట్‌హబ్ స్థితిని మొదటి నుంచి చదివి క్యూను మళ్లీ కట్టండి. తప్పు మీదైతే ఏం జరిగిందో నిమిషాలవారీగా రాసి అదే రోజు పంపండి. పైన చెప్పిన శనివారం మేము అలా రాసి పంపాం, ఆ కస్టమర్ ఇప్పటికీ మాతోనే ఉన్నారు.

డబ్బు తీసుకునే ముందు చేయవలసిన పరీక్ష

ఒక ఖాళీ రిపాజిటరీలో గ్రాములు, కౌంటు పుల్ రిక్వెస్టులు రెండింటినీ ఒకేసారి క్యూలో పెట్టండి. ఒకటి లోపలికి వెళ్లి రెండోది కారణంతో సహా బయటికి రావాలి. సీఐ నడుస్తుండగా కొత్త కమిట్ చేర్చండి. ఒకే వెబ్‌హుక్‌ను మూడుసార్లు పంపండి. మెర్జ్ మధ్యలో ప్రాసెస్‌ను చంపండి. ఇవన్నీ తట్టుకున్నాక, కస్టమర్ దగ్గర రెండు వారాలపాటు బాట్‌ను ఏమీ మెర్జ్ చేయకుండా, చేసి ఉంటే ఏం చేసేదో లాగ్‌లో రాసే స్థితిలో మాత్రమే నడపండి. వారి మనుషులు చేసినదానికీ మీ లాగ్‌కూ తేడా వచ్చిన ప్రతి చోటా కారణం రాసుకోండి. కొన్నిచోట్ల తప్పు మీదవుతుంది, కొన్నిచోట్ల వారిదవుతుంది. మీ తప్పులన్నీ సరిదిద్దాక, వారికి అన్నిటికన్నా తక్కువ కదలిక ఉన్న రిపాజిటరీని ఎంచుకుని, మంగళవారం వారి ఉదయం వేళ, మీలో ఇద్దరైనా మేల్కొని ఉండగా, మొదటి మెర్జ్‌ను బాట్‌కు వదలండి.